తడకలోంచి వచ్చిన వేలు

కొంటా నుంచి మా పల్లెకు పదకొండు కిలోమీటర్లు. ఆ దారిలో నా కమాండర్ జీపు ఎక్కనివాడు లేడు. ఎక్కినవాడు దేవుణ్ణి తలచుకోకుండా దిగిందీ లేదు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే మాస్టారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. సంతోషంతో పెట్టుకున్నారని మా వదిన అంటుంది, నమ్మకండి. శబరి వరదలో ఇదే జీపును మొసలి వీపు మీదికి ఎక్కించి అవతలి గట్టుకు చేర్చినవాణ్ణి నేను. కిరాయి అడగలేదు పాపం ఆ మొసలి.

అయితే ఇప్పుడు చెప్పేది నా గొప్ప కాదు, మా వదిన సోమమ్మ సంగతి. ఇందులో అబద్ధాలు ఒకటో రెండో ఉంటాయి. అవి ఎక్కడున్నాయో మీకే తెలిసిపోతుంది.

వదిన మా ఊరి మితానిన్. తెలంగాణ వైపు ఆశా అంటారే, ఆ పనికే మా ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అని పేరు. పుట్టిల్లు కిష్టారం పక్కన. చదివింది ఐదు. నాకంటే మూడు తరగతులు తక్కువ, బుద్ధి మాత్రం ముప్పై రెట్లు ఎక్కువ. బిడ్డకు జ్వరమొస్తే తల్లిని దోర్ల తెగ భాష దోర్లీలో ఓదారుస్తుంది, డాక్టరుకు హిందీలో చెబుతుంది, జీపు ఆలస్యంగా తెచ్చినందుకు నన్ను తెలుగులో తిడుతుంది. మూడూ ఒకే ఊపిరిలో.

ఆమె పరుగెత్తగా చూసినవాడు మా చుట్టుపక్కల లేడు. ఒకసారి ఇప్పపువ్వు ఏరుతుంటే చెట్టు కిందికి ఎలుగుబంటి వచ్చింది. అందరూ గంపలు పారేసి ఉరికారు. వదిన మాత్రం చేతిలో ఉన్న గుప్పెడు పువ్వూ గంపలో వేసి, కొంగు దులుపుకుని, నడిచి వచ్చింది. ఎలుగుబంటే పక్కకు తప్పుకుని దారిచ్చింది. నేను చెట్టు మీద నుంచి కళ్ళారా చూశాను.

ఆమె దగ్గర రెండు పనిముట్లు ఉండేవి. ఒకటి గడియారం. అది మా అన్నది. పెళ్ళయిన ఏడాదికే వదిన చేతికి వచ్చేసింది, అప్పటినుంచీ మా అన్నకు టైమంటూ తెలియదు. రెండోది కొంగుముడిలో పది చింతపిక్కలు. పసిపిల్లలకు దగ్గు ముదిరితే నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నారో లెక్కపెట్టాలని ట్రైనింగులో నేర్పారు. మధ్యలో ఎవరో ఒకరు పలకరిస్తారు, లెక్క తప్పుతుంది. అందుకని పది ఊపిర్లకు ఒక పిక్క ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకునేది. ఆ పిక్కలు ఆడుతున్నంతసేపు ఊరి సర్పంచి వచ్చి మాట్లాడినా జవాబు రాదు.

ఇక ఉప్పలయ్య. నాకు చిన్నాన్న, వదినకు మామ. ఇరవై రెండేళ్ళు బైలదిల్లా కొండల మీద ఒక కాంట్రాక్టరు కింద ఇనుపరాయి పిండి చేసే మిషను దగ్గర పనిచేశాడు. "రైలెక్కి విశాఖపట్నం పోయిన ఎర్రదుమ్ము కంటే నా ఛాతీల దిగిందే ఎక్కువ" అనేవాడు. పని మానేసి ఇంటికొచ్చాక ఏడాది పాటు ఆయన స్నానం చేసిన నీళ్ళు ఎర్రగా పారాయి. ఆ నీళ్ళు పారిన మడిలో ఇప్పటికీ వంకాయలు ఎర్రగానే కాస్తాయి.

ఆయన స్నేహితుడు ఆయతు. దోర్ల మనిషి, మా చిన్నాన్న ఇంటి వెనకే ఇల్లు. పండుగల్లో కొమ్ము ఊదేవాడు. ఈ గట్టున ఊదితే ఆ గట్టున ఆవులు తల ఎత్తేవి. కొండ మీద ఇద్దరూ ఒకే షిఫ్టు. అక్కడ ఏటా ఒక పరీక్ష పెట్టేవారు. ఒక గొట్టంలో గట్టిగా ఊదాలి. ఊదలేనివాణ్ణి కొండ దింపేసేవారు. మిషను దగ్గర పదేళ్ళు దాటినవాళ్ళకు ఊపిరి ఎక్కడిది? అందుకని వాళ్ళ పేర్లతో ఆయతు ఊదేవాడు. చొక్కా మార్చుకోవడం, వరసలో నిలబడటం, ఊదడం. రాసుకునేవాడు తల ఎత్తి మొహం చూసేవాడు కాదు. ఒక ఏడు పదకొండు మంది పేర్లతో ఊదాడు. అందులో ఉప్పలయ్యది మూడోది. పన్నెండోసారి సొంత పేరు పిలిచేసరికి ఆయతుకు ఊపిరి అయిపోయింది. తానే ఫెయిలయ్యాడు. మర్నాడు మూట సర్దుకుని కొండ దిగాడు. ఉప్పలయ్య ఇంకో తొమ్మిదేళ్ళు పైనే ఉన్నాడు.

ఇది నేను కల్పించింది కాదు. కల్పించేవాణ్ణయితే నూటపదకొండు అనేవాణ్ణి.

రెండువేల పదిహేడు చలికాలంలో చిన్నాన్నకు నిమ్మోనియా పట్టింది. కొంటా ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు వదిన చేతిలో ఒక చిన్న మిషను పెట్టాడు. బట్టలారేసే క్లిప్పులా ఉంటుంది. వేలికి తగిలిస్తే లోపల ఎర్రలైటు వెలిగి, పైన రెండు నంబర్లు పడతాయి. ఒకటి నెత్తుట్లో ఆక్సిజన్ ఎంతుందో, రెండోది నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో.

"ఛాతీలో రాతిదుమ్ము గడ్డకట్టి ఉంది. మళ్ళీ పడిపోవచ్చు" అన్నాడు డాక్టరు హిందీలో. "పొద్దున, సాయంత్రం చూడు. చెయ్యి వెచ్చగా ఉండాలి, చల్లబడితే నంబరు తప్పొస్తుంది. నంబరు ఊగడం ఆగేదాకా ఆగి రాసుకో. తొంభై కంటే దిగితే ఎవరినీ అడగకు, తీసుకొచ్చెయ్."

ఊళ్ళోకి మిషను వచ్చిందంటే ఊరుకుంటారా? పక్కింటి కోసి వచ్చింది, ఎదురింటి ముయా వచ్చాడు, నొప్పి లేనివాళ్ళందరూ వచ్చారు. నాకు తొంభై తొమ్మిది పడింది. "సూశినవా వదినా, బ్లాకు మొత్తానికి ఫస్టు" అన్నాను.

"గాలి ఎక్కువుంటే గట్లనే పడతది మరిదీ" అంది వదిన.

చిన్నాన్న ఇల్లు వెదురు తడకల ఇల్లు. మంచం తడక పక్కనే. దానిమీద గొంగడి కప్పుకుని పడుకునేవాడు. మొదటి రోజు వదిన మిషను తీయగానే ఆయన చెయ్యి గొంగట్లోకి లాక్కున్నాడు.

"బయట పెడితే చల్లబడతది బిడ్డా. నంబర్ తప్పొస్తదని డాక్టరే అన్నడు గద. ఇటియ్యి, లోపల్నే పెట్టుకుంట."

మిషను గొంగట్లోకి పోయింది. చిన్నాన్న రెండుసార్లు దగ్గాడు. కాసేపటికి వదిన గొంగడి అంచు కొంచెం ఎత్తి చూసింది. లోపల చీకట్లో నంబర్లు మెరుస్తున్నాయి. తొంభై ఏడు. నోటుబుక్కులో రాసుకుంది. ఆయన భార్య దుర్గమ్మ చిన్నమ్మ కొండదేవతకు దండం పెట్టుకుంది.

రెండో రోజు జీపు రేడియేటరులో పోయడానికి నీళ్ళ కోసం నేను ఇంటి వెనక్కి వెళ్ళాను. ఆయతు తడకకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో చుట్ట. కుడి చెయ్యి మోచేతి దాకా గోడలో ఉంది!

నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకోబోయాడు. బయట ఉన్న ఒక్క చేతిలో చుట్ట ఉండటంతో మూతి కాల్చుకున్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. జీపు దాకా పోయి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను. సాయంత్రం చిన్నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరే భూషణం, సోమమ్మకు చెప్పినవంటే నీ మొసలి కథ అబద్ధమని బజార్ల చెప్త" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే బెదిరింపుకు కాదు, ఆ తమాషా చెడగొట్టబుద్ధి కాలేదు. ఇన్ని బడాయిలు పోయే నేను కూడా ఆ పెద్దమనిషి చేసినంత పని ఎప్పుడూ చేయలేదు.

వారం గడిచింది. నోటుబుక్కులో తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై ఏడు. ఎదురుగా మంచం మీద చిన్నాన్న మాత్రం "నీళ్ళు" అనే మాటను రెండు ముక్కలు చేసి అంటున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున వదిన మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. మిషను తీయలేదు. గడియారం చూస్తూ పిక్కలు తీసింది. చిన్నాన్న ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఒక పిక్క మారింది, రెండోది మారింది, మూడోది కూడా మారింది. మొన్న రెండు పిక్కలకే నిమిషం అయిపోయింది. ఇవాళ మూడు మారినా ఇంకా సమయం ఉంది.

"ముప్పై నాలుగు" అంది తనలో తాను. అప్పుడు మిషను ఇచ్చింది. గొంగడి కింద తొంభై ఎనిమిది.

వదిన మిషను మీద అనుమానపడింది. దుర్గమ్మ చిన్నమ్మకు పెట్టి చూసింది, తన వేలికి పెట్టుకుంది, నాకు పెట్టింది. అందరికీ సరిగ్గానే పడుతోంది. నేను నేల చూపులు చూస్తున్నాను. తమాషా ఎక్కడో నీరుగారిపోయింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏ కథనైనా గుక్క తిప్పుకోకుండా చెప్పే నా నోటికి ఆ ఒక్క నిజం పెగల్లేదు.

"ఇంకోసారి పెట్టుకో మామా" అంది వదిన.

చిన్నాన్న మిషను లోపలికి తీసుకున్నాడు, రెండుసార్లు దగ్గాడు. ఈసారి వదిన ఎడమ చేత్తో గొంగడి అంచు ఎత్తి పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్ళు ఆయన మెడ పక్కన ఆనించింది. కళ్ళు గడియారం మీద, పెదవులు కదులుతున్నాయి. నిమిషం పూర్తయ్యాక మిషను మీది రెండో నంబరు చూసింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. వదిన ఏ పనీ ఒక్కసారితో నమ్మదు.

"మామా" అంది చివరికి. "నీకు గుండెలెన్ని?"

"ఏందే... బిడ్డా?"

"మెడకాడ నూట పద్దెనిమిది కొడతాంది. మిషన్ల అరవై ఎనిమిది సూపెడతాంది. ఒక మనిషికి ఒకటే గుండె గద. రెండోది ఎవరిది?"

అని మిషను పట్టుకుని తనవైపు లాగింది. మిషనుతో పాటు ఒక వేలు వచ్చింది, వేలు వెంట చెయ్యి వచ్చింది, చెయ్యి వెంట మోచెయ్యి వచ్చి తడకలో ఇరుక్కుంది.

"ఓయమ్మో! నా చెయ్యి! మెల్లగ లాగు తల్లీ!" అని గోడ అరిచింది.

దుర్గమ్మ చిన్నమ్మ దయ్యమనుకుని చీపురు అందుకుంది. ఇంకో రోజైతే నేను కింద పడి దొర్లేవాణ్ణి. వదిన నవ్వలేదు. అరవలేదు కూడా. ఆ చేతి వేలినుంచి మిషను తీసి, గొంగట్లో చెయ్యి పెట్టి, చిన్నాన్న చెయ్యి బయటకు తీసింది. తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా రుద్దింది. మిషను తగిలించింది. నంబరు ఊగింది. డెబ్బై తొమ్మిది, ఎనభై ఐదు, ఎనభై నాలుగు. ఎనభై మూడు దగ్గర ఆగింది.

వదిన నోటుబుక్కులో ఆ నంబరే రాసుకుంది.

"జీపు తియ్ భూషణం" అంది వదిన.

"నేను రాను" అన్నాడు చిన్నాన్న. "గొట్టం ఊదలేనోళ్ళను... కొండ దింపిండ్రు. ఆళ్ళు పెద్దాస్పత్రికి పోయిండ్రు. కేసా పోయిండు... రామనర్సయ్య పోయిండు. ఒక్కడన్న... తిరిగొచ్చిండా? నంబర్ తక్కువైతే... తీస్కపోతరు. ఈడనే ఉండనియ్యి."

అప్పటికి ఆయతు ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. "నేనే పెట్టిన తల్లీ. పోనని ఏడ్శిండు. నా దోస్తు గద" అన్నాడు.

వదిన అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఆయతన్నా, అప్పుడు నువ్వు ఊదినవ్. దోస్తు కోసమే ఊదినవ్, నిన్ను కొండ దింపిండ్రు. ఈయన తొమ్మిదేండ్లు ఆడనే ఉండి దుమ్ము మింగిండు. నువ్వు ఊదకపోతే ఈయనే దిగొచ్చేటోడు, నీ లెక్క ఇయ్యాల తాడిచెట్టు ఎక్కేటోడు. ఇప్పుడు మళ్ళ ఏలు పెడితివి."

ఆయతు మొహం చూడలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా తాను దోస్తుకు చేసిన మేలనుకుంటూ వచ్చింది ఒక్కసారిగా తిరగబడితే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. చిన్నాన్న ఏదో అనబోయి దగ్గాడు. "ఆణ్ణి... అనకు బిడ్డా. ఊదమన్నది... నేను."

"ఎవ్వర్ని అంటలే మామా. కొండ మీద ఆ నంబర్ నిన్ను పంపేటందుకు. ఇది నిన్ను ఉంచేటందుకు. కొంటాల ఆక్సిజన్ పెడతరు, అంతే. నేను పక్కనే ఉంట, నీ ఏలు నా చేతుల్నే ఉంటది. ఎంతుందో తెలుగుల చెప్త, ఒక్కటి గూడ దాయను."

చిన్నాన్న ఆలోచించాడు. ఆయతు ఆలోచించలేదు. మంచం దగ్గరికి వచ్చి గొంగడితో సహా ఆయన్ను ఎత్తుకున్నాడు. పెళ్ళికూతుర్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని జీపు దాకా నడిచాడు. దారిలో చిన్నాన్న తిట్టిన తిట్లకు ఊపిరి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను జీపెక్కి కాలు బలంగా తొక్కబోతే వెనకనుంచి వదిన అంది. "మెల్లగ. కుదిపితే ఊపిరి తప్పుతది."

ఆ పదకొండు కిలోమీటర్లు నేను ఎద్దుబండిలా తోలాను. నా పరువు పోయింది. సైకిలు మీద వెళ్తున్న మా ఊరి పొజ్జే నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి మరీ చూశాడు.

వెనక సీట్లో ఆయతు ఒళ్ళో చిన్నాన్న ఆనుకుని కూర్చున్నాడు. వదిన వేలు పట్టుకుని నంబరు చెబుతోంది. "ఎనభై మూడు... ఎనభై రెండు." నేను అద్దంలో చూశాను. చిన్నాన్న పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా చిన్నచిన్నగా పడుతోంది.

"మామా, గట్ల ఉరికియ్యకు. ముక్కుతోని తీస్కో, నోటితోని మెల్లగ ఇడువు. దీపం ఊగాలె, ఆరొద్దు. గంత మెల్లగ."

చిన్నాన్నకు చేతకాలేదు. అప్పుడు ఆయతు అన్నాడు. "ఇది కొమ్ము ఊదుడే గద తల్లీ. ఒక్క ఊపిరిని సాగదీసి సాగదీసి ఇడుస్తం." చిన్నాన్న ఛాతీ మీద తన అరచెయ్యి పెట్టి, చెవి పక్కనే పెదవులు సున్నాలా చుట్టి ఊదడం మొదలుపెట్టాడు. "నాతోని, ఉప్పలీ. నేను తీస్తే తియ్. నేను ఇడిశిందాక ఇడువు."

ఒకరి వీపు ఒకరి ఛాతీకి ఆని ఉంది. మొదట రెండూ వేరువేరుగా లేచాయి. వాగు దాటేసరికి ఒకటిగా లేస్తున్నాయి. జీపులో ఆ ఊదుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నా ఇంజను కూడా సిగ్గుపడి నోరు మూసుకుంది.

"ఎనభై నాలుగు" అంది వదిన. తర్వాత, "ఎనభై ఆరు."

ఆసుపత్రి గుమ్మం దాకా ఎనభై ఆరు దిగలేదు. మాస్కు పెట్టిన అరగంటకు తొంభై రెండు పడింది. నర్సు తన మిషను తెచ్చేసరికి చిన్నాన్న అడగకముందే చెయ్యి గాల్లోకి ఎత్తి, అయిదు వేళ్ళూ విప్పి చూపించాడు. అన్నీ తనవేనని. ఆయతు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రం వరండాలో వదిన నా పక్కన కూర్చుంది. కొంగుముడిలో పిక్కలు కట్టుకుంటూ అడిగింది.

"నీకు ఎరుకనా మరిదీ?"

అబద్ధాలు పది సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. "రెండో రోజునుంచే" అన్నాను.

వదిన తల తిప్పి నన్ను చూసింది. ఎలుగుబంటికి ఆ రోజు ఎలా అనిపించిందో నాకు అప్పుడు తెలిసింది.

"నీ మొసలి కథలు ఎన్నన్న చెప్పుకో" అంది లేస్తూ. "మనిషి ఊపిరి మీద చెప్పకు."

పన్నెండు రోజులకు చిన్నాన్న తిరిగొచ్చాడు. ఊళ్ళో జీపు దిగుతూనే, "పెద్దాస్పత్రికి పోయి తిరిగొచ్చిన మొదటోణ్ణి నేనే" అని చాటాడు. అది పెద్దాసుపత్రి కాదు, కొంటా ఆసుపత్రే అని ఎవరూ దిద్దలేదు. ఆయన ఇప్పటికీ ఉన్నాడు. కొండంత బలమేమీ రాలేదు. నాలుగడుగులు వేసి ఆగుతాడు, ఆగినచోట నన్ను తిడతాడు. పొద్దునపూట ఆయతు వచ్చి మంచం అంచున కూర్చుంటాడు. ఇద్దరూ పెదవులు చుట్టి కాసేపు ఊదుతారు. తడకలో ఆ కంత అలాగే ఉంది. దుర్గమ్మ చిన్నమ్మ పూడ్చలేదు. కోడిపెట్ట ఒకటి అందులోంచే ఇంట్లోకి రాకపోకలు సాగిస్తోంది.

వదిన మిషను తీయగానే చిన్నాన్న గొంగడి తన్నేసి రెండు చేతులూ ఛాతీ మీద పెడతాడు. ఆయతు కూడా తన రెండు చేతులూ మోకాళ్ళ మీద కనబడేలా పెడతాడు. అయినా సరే, వదిన ముందు మెడ దగ్గర రెండు వేళ్ళు ఆనించి, గడియారం చూసి, ఆ తర్వాతే నంబరు రాసుకుంటుంది.

నా జీపులోనూ అదే మొదలుపెట్టింది. ఎక్కినవాళ్ళకు నేను ఏదైనా కథ ఎత్తుకున్నానంటే చాలు, వెనక సీట్లోంచి రెండు వేళ్ళు నా మెడ మీదికి వస్తాయి.

"చెప్పు మరిదీ, ఆగినవెందుకు" అంటుంది.

మొసలి ఈ మధ్య చాలా చిన్నదైపోయింది.